పురుగు లేచే వేళ: యాకిమా నదిలో డ్రై ఫ్లైతో ట్రౌట్ పట్టడం, మొదటిసారి వెళ్లేవాళ్లకి

తొలకరి పడిన సాయంత్రం వీధి లైటు కింద ఉసుళ్లు లేవడం మనలో చాలామంది చూసినవాళ్లమే. అంతవరకూ ఎక్కడున్నాయో తెలియదు, ఒక్కసారిగా పుట్టల్లోంచి వేలకు వేలు వచ్చేస్తాయి, కప్పలూ బల్లులూ కోళ్లూ పండగ చేసుకుంటాయి, అరగంటలో అంతా అయిపోయి నేల మీద రెక్కలు మిగులుతాయి. అదే సంగతి నది మీద జరిగితే ఇక్కడి గాలం వాళ్లు హ్యాచ్ అంటారు. అడుగున రాళ్ల సందుల్లో నెలల తరబడి బతికిన పురుగులు ఒక వేళకి కలిసికట్టుగా పైకి తేలి, రెక్కలు విప్పుకుని ఎగిరిపోతాయి. ఆ కాసేపూ ట్రౌట్ అడుగు వదిలి పైకొచ్చి తింటుంది. మనం చేయాల్సిందల్లా ఆ పురుగులా కనిపించేలా ఈకలూ దారాలూ చుట్టిన చిన్న గాలాన్ని వాటి మధ్యలో వాటిలాగే తేల్చడం. ఆ గాలాన్నే ఫ్లై అంటారు, నీటి మీద తేలేది డ్రై ఫ్లై. చెప్పడానికి అంతే. నాకు మాత్రం మొదటి చేప పడటానికి రెండు సీజన్లు పట్టింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఎక్కడ, ఎప్పుడు

నేను రాసేది వాషింగ్టన్ రాష్ట్రంలో యాకిమా నది గురించి. రెడ్మండ్, బెల్వ్యూ, సమామిష్ వైపు ఉండే మన తెలుగువాళ్లకి ఇది పొద్దున్నే బయలుదేరి రాత్రికి ఇంటికొచ్చేంత దగ్గర. ఐ-90 ఎక్కి స్నోక్వాల్మీ పాస్ దాటి ఎలెన్స్‌బర్గ్ వెళ్లాలి, సియాటిల్ నుంచి సుమారు 110 మైళ్లు. అక్కడి నుంచి యాకిమా ఊరి వైపు 821 నంబరు రోడ్డు నది పక్కనే లోయలో వంకర్లు తిరుగుతూ పోతుంది. దాన్ని కేన్యన్ రోడ్డు అంటారు. ఉమ్టానమ్, లుమా, బిగ్ పైన్స్ అని దారి పొడవునా ఆగే చోట్లు ఉన్నాయి. మొదటిసారి వెళ్తే ఉమ్టానమ్ దగ్గర ఆగండి, వేలాడే వంతెన ఉంటుంది, దాని మీద నిలబడి కిందికి చూస్తే నది ఎక్కడ లోతో, ఎక్కడ మెరకో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. పార్కింగ్‌కి కొద్దిగా డబ్బు కట్టాలి.

వెళ్లాల్సింది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. మరి ఈ కాలమే ఎందుకు? దీని వెనక మనకు బాగా అర్థమయ్యే కారణం ఒకటుంది, అది కాలువ నీళ్ల వ్యవహారం. యాకిమా లోయంతా ఆపిల్ తోటలు, హాప్స్ తోటలు, పశుగ్రాసం. ఎండాకాలమంతా పైనున్న జలాశయాల నుంచి ఈ నదిలోకే సాగునీరు వదులుతారు. లోయలో మూడున్నర వేల క్యూసెక్కుల పైన ప్రవాహం ఉంటుంది, గట్టు అంచుల దాకా నీళ్లు, కాలు పెడితే కొట్టుకుపోతాం. సెప్టెంబరు మొదట్లో ఇక్కడ వదిలే నీళ్లు తగ్గించేసి, కింది పొలాలకి, దిగువన వచ్చి కలిసే నాచిస్ నది వైపు జలాశయం నుంచి ఇవ్వడం మొదలుపెడతారు. ఇక్కడివాళ్లు దాన్ని ఫ్లిప్-ఫ్లాప్ అంటారు. 1980ల నుంచి ఇలా చేస్తున్నారు, చేపల కోసమే. ఎగువన షినూక్ సాల్మన్ సెప్టెంబరులో గుడ్లు పెడుతుంది. ప్రవాహం ఎక్కువున్నప్పుడు గట్టు వారగా పెడితే చలికాలంలో నీళ్లు తగ్గి గుడ్లు ఎండిపోతాయి, అందుకని ముందే తగ్గించేస్తారు. మనకి దక్కే లాభం ఏమిటంటే నది కొన్ని రోజుల్లోనే దిగి నడిచేలా అయిపోతుంది. సాగర్ కాలువకి నీళ్లు ఆపేశాక కాలువలో పిల్లలు దిగి చేపలు పట్టినట్టే అనుకోండి.

వెళ్లేముందు ఉమ్టానమ్ దగ్గర ప్రవాహం కొలిచే గేజ్‌లో ఎన్ని క్యూసెక్కులు ఉందో ఆన్‌లైన్‌లో చూసుకోండి. పదిహేను వందల లోపు ఉంటే మోకాళ్ల నుంచి నడుము దాకా దిగి నిలబడవచ్చు. అంతకుమించి ఉంటే గట్టు నుంచే వేయండి. సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు ఆఖరి దాకా మంచి కాలం, నన్నడిగితే అక్టోబరు మధ్య రెండు వారాలూ వదలొద్దు.

రూల్సు

పదిహేనేళ్లు నిండిన వాళ్లందరికీ రాష్ట్ర చేపల శాఖ లైసెన్సు ఉండాలి. అది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు చెల్లుతుంది, కాబట్టి మార్చిలో కొంటే దండగ. ఈస్టన్ డ్యామ్ నుంచి రోజా డ్యామ్ దాకా (పైన చెప్పిన ఆగే చోట్లు ఇందులోనే వస్తాయి) పట్టిన ట్రౌట్‌ని వదిలేయాలి. వానపాము, రొయ్య లాంటి ఎర పనికిరాదు. గాలానికి ఒకే ముల్లు ఉండాలి, ఆ ముల్లుకి కొస పక్కన ఉండే చిన్న కంటకం ఉండకూడదు. కంటకం ఉన్న ఫ్లై కొంటే సన్న ముక్కు పటకారుతో నొక్కేయండి. నొక్కాక బనీను గుడ్డకి గుచ్చి లాగితే దారం పట్టకుండా జారి వచ్చేయాలి, అదీ పరీక్ష. వెళ్లేముందు ఆ ఏటి రూల్సు ఒకసారి చదవండి, అవి మారుతుంటాయి.

"పట్టింది వదిలేయడానికా అంత దూరం వెళ్లావు?" అని మా అమ్మ ఇప్పటికీ ఫోన్‌లో అడుగుతుంది. పులుసు ఆశ ఉంటే ఇది మీ పని కాదు, కాస్కోలో ట్రౌట్ దొరుకుతుంది.

సామాను

మన ఊళ్లో గాలం వేసినప్పుడు సీసం బరువు, ఎర బరువు వెళ్లి దారాన్ని లాక్కుపోతాయి. ఇక్కడ ఫ్లైకి బరువే లేదు, ఊదితే ఎగిరిపోతుంది. అందుకని లైనే బరువుగా ఉంటుంది, మనం విసిరేది లైనునే, ఫ్లై దాని వెనకాల పోతుంది. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే సామాను అంతా అర్థమవుతుంది.

తొమ్మిది అడుగుల 5-వెయిట్ రాడ్ (ఆ నంబరు లైను బరువుని చెప్తుంది), దానికి సరిపడే తేలే లైను, మామూలు రీలు. అన్నీ కలిపి కట్టిన సెట్టు రెండు వందల డాలర్లు అటూ ఇటూ దొరుకుతుంది, మొదటి రెండేళ్లకి అది చాలు. లైను చివర లీడరు అనే, కొసకి పోను పోను సన్నబడే తొమ్మిది అడుగుల దారం, దాని కొసకి రెండు మూడు అడుగుల టిప్పెట్ అనే సన్న దారం. టిప్పెట్ మందాన్ని ఎక్స్ నంబరుతో చెప్తారు, నంబరు పెరిగే కొద్దీ సన్నం. 5ఎక్స్ అంటే అంగుళంలో వెయ్యికి ఆరు వంతులు, 6ఎక్స్ అంటే అయిదు వంతులు, ఎక్స్ నంబరూ ఆ వంతుల సంఖ్యా కలిపితే ఎప్పుడైనా పదకొండు వస్తుంది. ఏ ఫ్లైకి ఏ టిప్పెట్ అన్నదానికి సులువైన లెక్క ఉంది: గాలం సైజుని (ఇదీ నంబరు పెరిగే కొద్దీ చిన్నదే) మూడుతో భాగించండి. 18 నంబరుకి 6ఎక్స్, 14కి 5ఎక్స్, 8కి 3ఎక్స్. డ్రై ఫ్లైకి నైలాన్ టిప్పెటే కొనండి, ఖరీదైన ఫ్లోరోకార్బన్ నీళ్లలో మునుగుతుంది.

వేడర్లు, అంటే రొమ్ము దాకా వచ్చే నీరు పట్టని ప్యాంటు, దాని బూట్లు, నడుముకి బెల్టు. బెల్టు లేకుండా నీళ్లలో దిగొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. కాలు జారితే వేడర్లలోకి నీళ్లు నిండకుండా ఆపేది అదే. ఒక చేతికర్ర కూడా ఉంటే మంచిది, యాకిమా రాళ్లకి పాకుడు ఉంటుంది, నూనె రాసిన బంతుల మీద నడిచినట్టు ఉంటుంది. రంగు అద్దాల ఫ్యాషన్ కళ్లజోడు కాకుండా నీటి మీది మెరుపు తగ్గించే పోలరైజ్డ్ కళ్లజోడు, రబ్బరు వల, చిన్న కత్తెర, ఫ్లై తేలడానికి రాసే జెల్లు, తడి పీల్చే పొడి. ఇంకొక్క వస్తువు మన వంటింట్లోంచి: టీ వడగట్టే జాలి. ఎందుకో కింద చెప్తా.

పురుగుల సంగతి

శరదృతువులో ఇక్కడ లెక్కలోకి తీసుకోవాల్సినవి ముఖ్యంగా మూడు. పేర్లు బట్టీ పట్టక్కర్లేదు, సైజు, రంగు, రెక్కల తీరు తెలిస్తే చాలు.

మొదటిది బ్లూ వింగ్డ్ ఆలివ్. మేఫ్లై జాతి, బూడిదరంగు రెక్కలు, బూడిద-ఆకుపచ్చ ఒళ్లు, రెండు తోకలు. నీటి మీద కూర్చుంటే రెక్కలు రెండూ కలిపి నిలువుగా ఎత్తి పెడుతుంది, దూరం నుంచి బుల్లి తెరచాప పడవల వరసలా కనిపిస్తాయి. సైజు 18 నుంచి 22. 18 అంటే బియ్యపు గింజంత, 22 అంటే నువ్వు గింజ కన్నా కాస్త పెద్దది, అంతే. మబ్బు పట్టి సన్నటి జల్లు పడుతున్న రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్య బాగా లేస్తాయి. ఎండ ఫెళ్లుమంటుంటే అంతగా లేవవు, లేచినవి కూడా వెంటనే రెక్కలు ఆరి ఎగిరిపోతాయి. చలీ తడీ ఉన్నప్పుడు రెక్కలు ఆరడానికి టైం పడుతుంది, అంతసేపూ నీటి మీదే తేలుతూ పోతాయి, చేపకి కంచంలో వడ్డించినట్టు. అందుకే వాతావరణం దరిద్రంగా ఉందని ఇంట్లో వాళ్లు అన్న రోజే మీరు బయలుదేరాలి. చిక్కేమిటంటే ఎలెన్స్‌బర్గ్ కొండలకి అవతల, వాన పడని వైపు ఉంది, ఏడాది మొత్తానికి పది అంగుళాలైనా పడదు. కాబట్టి ఫోర్‌కాస్టు చూసి సెలవు పెట్టండి.

రెండోది మహోగని డన్. ఇదీ మేఫ్లైయే, కాఫీ డికాక్షన్ రంగు, మూడు తోకలు, సైజు 14 నుంచి 16. నెమ్మదిగా పారే నీళ్లలో, పదకొండు దాటాక ఒకటీ అరా కనిపిస్తుంది. గుంపులుగా లేవదు. కానీ పక్కన వంద ఆలివ్‌లు తేలుతున్నా పెద్ద ముద్ద కాబట్టి చేప దీన్ని వదలదు.

మూడోది అక్టోబర్ క్యాడిస్. పేరే నెల పేరు. నారింజ రంగు ఒళ్లు, అంగుళం పైన ఉంటుంది, రెక్కలు పెంకుటింటి కప్పులా రెండు వైపులకీ వాలి ఉంటాయి. దీని పిల్ల చిన్న చిన్న రాళ్లు అతికించుకుని గొట్టంలాంటి ఇల్లు కట్టుకుని నది అడుగున తిరుగుతుంది, లోతు తక్కువ చోట రాయి తిప్పి చూస్తే ఆ ఖాళీ గొట్టాలు కనిపిస్తాయి. ఇది సాయంత్రం పురుగు.

ఇప్పుడు అసలు విషయం. మేఫ్లై పైకి రావడంలో దశలు ఉన్నాయి, గాలం వేసేవాడు చేపని తెచ్చుకునేదీ పోగొట్టుకునేదీ ఇక్కడే. అడుగు నుంచి ఈదుకుంటూ పైకొచ్చిన పిల్ల నీటి పొరకి కిందనే వేలాడి, వీపు చీల్చుకుని, పాత చొక్కాలోంచి బయటికి లాక్కుంటుంది. ఇది ఎమర్జర్ దశ. బయటపడి పొర మీద నిలబడితే డన్. ఎగిరిపోయి చెట్ల మీద ఇంకోసారి చర్మం వదులుతుంది, రెక్కలు వచ్చాక కూడా మళ్లీ చర్మం వదిలే పురుగు జాతి ప్రపంచంలో ఇదొక్కటే. దానికి పనిచేసే నోరు లేదు, ఏమీ తినదు, జత కట్టి గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. మనం కొట్లో కొనే అందమైన డ్రై ఫ్లైలు ఎక్కువగా డన్‌లాగా ఉంటాయి. చేపకి తేలికగా దొరికేది మాత్రం ఇంకా చొక్కాలో ఇరుక్కుని ఎగరలేని ఎమర్జర్.

కాబట్టి డబ్బాలో ఇవి పెట్టుకోండి: పారాచూట్ ఆడమ్స్ 16, 18, 20, స్పార్కిల్ డన్ ఆలివ్ రంగులో 18, 20, మహోగని రంగులో 16, ఆర్‌ఎస్2 అనే ఎమర్జర్ 20, 22, అక్టోబర్ క్యాడిస్ కోసం నారింజ స్టిమ్యులేటర్ 8, 10. తలా మూడు. కొట్టువాడు చూపించే మిగతా వందా వద్దు.

ముందు పార్కులో

నది దగ్గరికి వెళ్లి నేర్చుకుందాం అనుకోకండి. పచ్చిక మీద, టిప్పెట్ కొసకి చిన్న ఊలు ముక్క కట్టి వారం రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు. రాడ్ కొస నేలకి దగ్గరగా పెట్టి, లైను వదులు లేకుండా లాగి, నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుతూ వెనక్కి ఎత్తి, గడియారంలో ఒంటిగంట దగ్గర టక్కున ఆపాలి. ఆపి ఆగాలి. వెనకాల లైను పూర్తిగా చాచుకునే దాకా ఆగాలి. తర్వాత ముందుకి తెచ్చి పదీ పదకొండు మధ్య మళ్లీ ఆపాలి. కొత్తవాళ్లందరం చేసే తప్పు ఒక్కటే, ఆగం. కొరడా ఝళిపించినట్టు శబ్దం వచ్చిందంటే ఆగలేదని అర్థం. తల తిప్పి వెనకాల లైను చూడండి, ఏం సిగ్గు లేదు. నేను ప్రాక్టీసు చేస్తుంటే వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దాయన కాసేపు నిలబడి చూసి, "బాబూ, ఏమన్నా పోయిందా?" అని తెలుగులోనే అడిగారు.

ముప్ఫై అడుగులు తిన్నగా వేయగలిగితే చాలు. నేను ఈ నదిలో పట్టిన చేపల్లో సగానికి పైగా ఇరవై అయిదు అడుగుల లోపలే ఉన్నాయి.

ముడులు రెండు నేర్చుకోండి: ఫ్లై కట్టడానికి ఇంప్రూవ్డ్ క్లించ్, టిప్పెట్ కలపడానికి సర్జన్స్ నాట్. బిగించే ముందు ముడిని ఉమ్ముతో తడపాలి, పొడిగా బిగిస్తే రాపిడికి దారం బలం పోతుంది. చలికి వేళ్లు కొంకర్లు పోయి, కళ్లలో జల్లు పడుతూ, 22 నంబరు గాలం కన్నంలో దారం ఎక్కించడం ఎలా ఉంటుందో ఇంట్లో సోఫాలో కూర్చుంటే తెలియదు. నలభై దాటినవాళ్లు రీడింగ్ గ్లాసెస్ మర్చిపోకండి.

ఏటి దగ్గర మొదటి ఇరవై నిమిషాలు

పదిన్నర పదకొండుకి చేరితే సరిపోతుంది. తెల్లవారుజామున లేచి పరుగెత్తాల్సింది ఎండాకాలంలో, ఇప్పుడు కాదు.

చేరగానే నీళ్లలో దిగొద్దు. రాడ్ చెట్టుకి ఆనించి, గట్టు మీద కూర్చుని, ఫ్లాస్కులో టీ తాగుతూ చూడండి. చూడాల్సింది నది మధ్యలో కాదు. ఉరుకు నీళ్లకీ నిదానపు నీళ్లకీ మధ్య గీత గీసినట్టు ఒక అంచు ఉంటుంది, అక్కడ చూడండి. గట్టు వారగా గడ్డి వంగిన చోట, పెద్ద రాయి వెనక, లోతు మడుగు పలచబడి మళ్లీ జోరందుకునే చోట చూడండి. నురగ ఎటు పోతుందో పురుగులూ అటే పోతాయి, నురగ పేరుకుని నెమ్మదిగా తిరిగే సుడి దొరికితే అక్కడ చేప ఉండి తీరుతుంది.

చేప లేచినప్పుడు వలయం పడుతుంది. ఆ వలయం పడిన తీరులోనే అది ఏం తింటోందో ఉంటుంది. ముక్కు పైకొచ్చి, చప్పుడు లేకుండా చప్పరించినట్టు తిని, వెనకాల ఒక గాలి బుడగ వదిలిందా? నోరు పొర పైకొచ్చింది, గాలి మింగింది, డన్‌ని తింటోంది. నోరు కనబడకుండా వీపూ తోకా మాత్రమే మెరిసి, బుడగ లేకుండా నీళ్లు ఉబ్బినట్టయిందా? పొర కింద ఎమర్జర్‌ని తింటోంది. ధభీమని నీళ్లు చిమ్మిందా? క్యాడిస్‌ని తరుముతోంది. ప్రతిసారీ ఇదే లెక్క సరిపోతుందని కాదు, కానీ పదింటిలో ఏడెనిమిదిసార్లు సరిపోతుంది.

ఇప్పుడు టీ జాలి. నురగ పోయే దారికి దిగువన గట్టు పక్కనే వంగి, జాలిని సగం ముంచి రెండు నిమిషాలు పట్టుకోండి. దాంట్లో పడినవి చూడండి. ఒకసారి నేను గంట సేపు 18 నంబరు ఆలివ్ వేసి వేసి విసిగిపోయాక జాలి ముంచితే, అందులో పడినవి అన్నీ 22 సైజువి, ఒక్కటి కూడా 18 లేదు. ఇంకోసారి ఒకటి వచ్చి నా చొక్కా చేతి మీద వాలింది, రెక్కలు ఇంకా ముడతలు పోలేదు, వెనకాల తోకలు లెక్కపెడితే మూడు. ఆలివ్ అయితే రెండే ఉండాలి. అంతే, ఫ్లై మార్చేశా.

దిగేముందు ఒక జాగ్రత్త. అడుగున రాళ్లు చుట్టుపక్కల కన్నా తెల్లగా, కడిగినట్టు, మంచం అంత మేర శుభ్రంగా కనిపిస్తే అది సాల్మన్ గుడ్లు పెట్టిన గూడు. దాని మీదా, దానికి వెంటనే దిగువనా కాలు పెట్టొద్దు. క్లి ఎలమ్ ఊరి వైపు ఎగువన ఇవి ఎక్కువ. గూడు దగ్గర ఉన్న పెద్ద సాల్మన్ల జోలికి అసలు పోవద్దు.

వేయడం, తేల్చడం

ఒక్క చేపని ఎంచుకోండి. పది చోట్ల లేస్తుంటే పది చోట్లా వేయాలని చెయ్యి లాగుతుంది, వద్దు. దాని లెక్క పట్టండి, ఎన్ని సెకన్లకి ఒకసారి లేస్తోందో మనసులో లెక్కపెట్టుకోండి. హ్యాచ్ జోరులో ఉన్నప్పుడు కొన్ని చేపలు గడియారంలా లేస్తాయి.

చేప వలయం పడిన చోట ఉండదు. పురుగుని చూసి, దానితో పాటు వెనక్కి కొట్టుకొస్తూ లేచి తిని, మళ్లీ ఎగువన తన చోటికి పోతుంది. కాబట్టి వలయం మధ్యలో వేస్తే చేప వెనకాల వేసినట్టు. మూడు నాలుగు అడుగులు ఎగువన వేయండి. అలాగని పక్కకి జరిగితే పనికిరాదు, ఎందుకో చూడండి. నీటి కింది నుంచి చేపకి బయటి ప్రపంచం నెత్తి మీద ఒక గుండ్రటి కిటికీలోంచి మాత్రమే కనిపిస్తుంది, మిగతా పొరంతా అద్దంలా అడుగునే చూపిస్తుంది. ఆ కిటికీ అడ్డం కొలత చేప ఉన్న లోతుకి రెండుంపావు రెట్లు. ఆలివ్‌లు తినే చేప అర అడుగు లోతులో ఉంటే కిటికీ పద్నాలుగు అంగుళాల లోపే. మీ ఫ్లై ఒక అడుగు దూరం పక్కగా పోతే చేప సరిగ్గా చూడనే లేదు. "తినలేదు" అని మీరు ఫ్లై మార్చుకుంటూ కూర్చుంటారు.

ఇక డ్రాగ్. నిజం పురుగుకి దారం ఉండదు, నీళ్లు ఎంత వేగంగా పోతే అంతే వేగంగా పోతుంది. మీకూ చేపకీ మధ్య ఉరుకు నీళ్లుంటే అవి లైను కడుపుని ముందుకి తోసేస్తాయి, లైను ఫ్లైని ఈడుస్తుంది, ఫ్లై వెనక సన్నటి గీత పడుతుంది. ఆ గీత మన కంటికి కనబడనంత చిన్నదైనా చేప పట్టేస్తుంది. దీనికి రెండు విరుగుళ్లు. ఒకటి మెండ్: ఫ్లై పడగానే రాడ్ కొసతో లైను కడుపుని ఎత్తి ఎగువకి వేయడం. రెండోది రీచ్ కాస్ట్, నేను ఎక్కువగా చేసేది. ముందుకి వేసి ఆపిన తర్వాత, లైను ఇంకా గాలిలో ఉండగానే చెయ్యి చాచి రాడ్‌ని ఎగువ వైపుకి వాల్చాలి. ఫ్లై అనుకున్న చోటే పడుతుంది, లైను మాత్రం ఎగువన పడుతుంది. మొదట్లోనే లైను వెనకబడి ఉంటుంది కాబట్టి, అది ఫ్లైని దాటే లోపల అయిదారడుగులు శుభ్రంగా తేలుతుంది.

నిదానంగా, అద్దంలా ఉన్న నీళ్లయితే చేపకి ఎగువన, పక్కగా నిలబడి దిగువకి వేయండి. చేపకి ముందు ఫ్లై కనిపిస్తుంది, దారం తర్వాత వస్తుంది. రాడ్ కొసని ఫ్లై వెంట కిందికి తీసుకెళ్తూ లైను కొద్దికొద్దిగా వదులుతూ ఉండాలి. తినకపోతే ఫ్లై చేపని నాలుగైదు అడుగులు దాటేదాకా కదలకుండా ఉండి, అప్పుడు పక్కకి లాగి ఎత్తండి. నెత్తి మీద నుంచే లైను పీకితే ఆ చేపకి దండం పెట్టి ఇంకోటి వెతుక్కోవడమే.

ఫ్లై మునుగుతుంటే పొడిలో వేసి ఊపి ఊదండి. జెల్లు మొదట్లో ఒక చుక్క చాలు. సీడీసీ అనే మెత్తటి బాతు ఈకతో కట్టిన ఫ్లైకి మాత్రం జెల్లు రాయకండి, ఈక ముద్దయిపోతుంది, దానికి పొడే.

ఒక చేప కథ

కిందటి అక్టోబరులో, లుమాకి కొంచెం ఎగువన, గట్టు మీద విల్లో కొమ్మ నీళ్లకి తగిలీ తగలనట్టు వంగి ఉన్న చోట, దాని కింద ఒక చేప పన్నెండు సెకన్లకి ఒకసారి లేస్తోంది. జల్లు పడుతోంది, ఆలివ్‌లు బాగా ఉన్నాయి. ఆడమ్స్ 18 వేశా. వచ్చింది, ముక్కు దగ్గరికి తెచ్చి చూసింది, వెళ్లిపోయింది. టిప్పెట్ 6ఎక్స్‌కి మార్చి స్పార్కిల్ డన్ 20 వేశా. ఈసారి చూడను కూడా చూడలేదు. ఇంకా నాలుగుసార్లు వేసుంటా, ఒకసారి కొమ్మకి తగిలి ఫ్లై పోయింది. చేతులు చలికి బిగుసుకుపోయి, వేయడం మానేసి చంకల్లో పెట్టుకుని నిలబడ్డా. అలా ఊరికే నిలబడితే అప్పుడు కనిపించింది: నోరు ఒక్కసారి కూడా బయటికి రావడం లేదు. వీపు రెక్క, వెనకే తోక కొస, అంతే. బుడగ లేదు. అరగంట నుంచి నా కళ్ల ముందే ఉంది.

ఆర్‌ఎస్2 22 నంబరుది కట్టా. పొర కింద వేలాడే అంత చిన్నది కంటికి కనబడదు, అందుకని ముందు ఆడమ్స్ ఉంచి, దాని గాలం వంపుకి పదహారు అంగుళాల టిప్పెట్ కట్టి, కొసన ఇది. ఆడమ్స్ చుట్టూ అడుగున్నర మేరలో ఏం కదిలినా ఎత్తేయాలి. రెండుసార్లు దారి తప్పింది. మూడోసారి ఆడమ్స్ పక్కన నీళ్లు కొద్దిగా ఉబ్బాయి. రెయిన్‌బో ట్రౌట్, పదిహేను అంగుళాలు. దవడ మూలలో 22 నంబరు గాలం, నల్ల దారపు పోగులా ఉంది.

మీకు కూడా ఫ్లై రెండు మూడుసార్లు శుభ్రంగా తేలుతూ వెళ్లినా చేప కాదంటే, ఈ వరసలో మార్చండి: ముందు డ్రాగ్ ఉందేమో చూసి నిలబడిన చోటు మార్చండి, తర్వాత టిప్పెట్ సన్నం చేయండి, తర్వాత ఫ్లై సైజు తగ్గించండి, తర్వాత దశ మార్చండి. రంగు అన్నిటికన్నా ఆఖరున. ఆరోజు నేను చేప లేచే తీరు చూడకుండా ముందే ఫ్లైల డబ్బా తెరిచా, అందుకే అరగంట పట్టింది.

ఎత్తడం, పట్టడం, వదలడం

చిన్న ఫ్లై అయితే చేప తిన్నప్పుడు రాడ్‌ని మెత్తగా పైకెత్తితే చాలు. జెర్కు ఇస్తే 6ఎక్స్ తెగుతుంది, దాని బలం మూడున్నర పౌండ్లే. పెద్ద స్టిమ్యులేటర్ మీదకి చేప ఎగబడి వచ్చినప్పుడు మాత్రం తొందర పడొద్దు, అది నోరు మూసి తల కిందికి తిప్పాలి. మనసులో ఒకసారి "గోవిందా" అనుకుని ఎత్తండి, సరిపోతుంది. నేను మొదటి ఏడాది పోగొట్టుకున్నవన్నీ చేప నోట్లోంచి ఫ్లైని లాగేసుకున్నవే.

రాడ్ వంచి ఉంచండి, చేప పరుగెత్తితే లైను ఇవ్వండి, అది ఎటు పోతే రాడ్‌ని దానికి అడ్డంగా పక్కకి వాల్చి లాగండి. ఎంతసేపు ఆడిస్తే చేపకి అంత ప్రమాదం, తొందరగా వలలోకి తెచ్చేయండి. చేతులు తడిపి పట్టుకోండి, పొడి చెయ్యి దాని ఒంటి జిగురుని తీసేస్తుంది. వల నీళ్లలోనే ఉంచి గాలం తిప్పి తీస్తే కంటకం లేదు కాబట్టి ఇట్టే వస్తుంది. ఫోటో కావాలంటే ఫోను ముందే సిద్ధం చేసుకుని, మీరు ఊపిరి బిగబట్టినంత సేపే పైకెత్తండి. తల ఎగువకి పెట్టి మెల్లగా పట్టుకుని ఉంటే అదే తోక ఆడించి వెళ్లిపోతుంది. ఒంటి మీద లేత మచ్చలు ఉండి, వీపు రెక్క మీద నల్ల మచ్చలేమీ లేని చేప పడితే అది బుల్ ట్రౌట్ కావచ్చు, కేంద్ర చట్టం కింద రక్షణ ఉన్న చేప, దాన్ని నీళ్లలోంచి ఎత్తకుండానే వదిలేయాలి.

సాయంత్రం

మూడు దాటాక ఆలివ్‌లు తగ్గుతాయి, లోయలో గాలి లేస్తుంది. చాలామంది ఈపాటికి కార్లెక్కేస్తారు. మీరు ఏదన్నా తిని, నాలుగున్నరకి టిప్పెట్ తీసేసి 3ఎక్స్ కట్టి, నారింజ స్టిమ్యులేటర్ పెట్టండి. ఆడ క్యాడిస్‌లు గుడ్లు పెట్టడానికి నీటి మీదకి వచ్చి తప తప కొట్టుకుంటాయి. డ్రాగ్ ఉండకూడదని ఇప్పటిదాకా నేను చెప్పిన మాట ఇక్కడ కొంచెం సడలించవచ్చు: గట్టు వారగా వేసి, మొదట మామూలుగా తేలనిచ్చి, ఆఖర్న రాడ్ కొసతో ఒకటి రెండుసార్లు చిన్నగా గుంజితే ఫ్లై నిజం పురుగులా చిందులేస్తుంది. చేప చూసి చూసి తినే రకం కాదు అప్పుడు, దబ్బున కొడుతుంది. ఒక్కోసారి సాయంత్రం మొత్తానికి ఒక్కటే లేస్తుంది, కానీ ఆ ఒక్కటి పెద్దది అయ్యే అవకాశం ఎక్కువ.

చీకటి పడకముందే గట్టెక్కండి, పాకుడు రాళ్ల మీద వెలుతురు లేకుండా నడవొద్దు. పొదల్లో అడుగు పెట్టేముందు కర్రతో తట్టండి, వెచ్చగా ఉన్న రోజుల్లో ఈ లోయలో రాటిల్ పాములు ఇంకా తిరుగుతుంటాయి. తడి ఫ్లైలని డబ్బాలో మూసేయకుండా కారు డ్యాష్‌బోర్డు మీద ఒక స్పాంజికి గుచ్చి ఆరనివ్వండి, లేకపోతే మళ్లీ వారానికి గాలాలన్నీ తుప్పే. ఇక కేన్యన్ రోడ్డు మీద నిదానంగా నడపండి, మలుపు తిరగ్గానే కొమ్ముల గొర్రెల మంద రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉంటుంది, హారన్ కొట్టినా జరగవు.